మొదటి భాగం లేని రాక్షసుడు

మొన్న కామారెడ్డిలో కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకు నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. నాలుగు మాటలతో ఆపడం నాకు చేతకాదు. గంటన్నర మాట్లాడాను. ఫ్యాను కింద కూర్చున్నవాళ్లు కాసేపు కునికారు కూడా. కిటికీ పక్కన కూర్చున్న సౌజన్య అనే అమ్మాయి మాత్రం చివర్లో లేచి, "సార్, మీరు జెప్పిన సినిమా ముచ్చట కాయితం మీద రాసియ్యండి. మల్లొకసారి చదువుకుంట" అంది. ఆమె అడిగింది కాబట్టి రాస్తున్నాను. కునికినవాళ్లు కూడా చదవవచ్చు, నాకేం కోపం లేదు.

నేను కుష్టు వ్యాధి విభాగంలో పారామెడికల్ వర్కర్‌గా ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. ఆఫీసు కామారెడ్డిలో, తిరుగుడంతా ఎల్లారెడ్డి వైపు ఊళ్లలో. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఎందుకు ఆలస్యమైంది అన్న సంగతులు ఇక్కడ రాయను. వాటివల్ల ఎవరి చెయ్యీ బాగుపడదు.

మచ్చల సారు

ఊళ్లలో నా అసలు పేరు ఎవరికీ తెలియదు. మచ్చలు చూసేవాణ్ని కాబట్టి మచ్చల సారు అనేవారు. ఒంటి మీద పాలిపోయిన మచ్చ కనిపిస్తే, దూదిని పురి తిప్పి దాని కొసతో తాకి, "కండ్లు మూసుకో, నేను ఏడ ముట్టిన్నో వేలు పెట్టి చూపియ్యి" అని అడగాలి. మచ్చ బయట తాకితే టక్కున చూపిస్తారు. మచ్చ మీద తాకితే ఊరికే కూర్చుంటారు, ఇంకా తాకలేదనుకుంటారు. ఆ కాసేపట్లోనే అక్కడ స్పర్శ లేదని, జబ్బు అదేనని మనకు తెలిసిపోతుంది. ఎదుటి మనిషి కళ్లు తెరిచి మన మొహం చూసేలోపు మొహాన్ని సర్దుకోవడం నేర్చుకోండి. ఇది ఏ ట్రైనింగులోనూ చెప్పరు.

ఇంకోటి కూడా చెప్పరు. నలుగురిలో అడగకూడదు. రామారెడ్డి అనే ఊళ్లో ఒకసారి చాయ హోటల్లో మా పేషెంటు ఒకాయన ఎదురైతే, ఆయన మేలు కోరేవాణ్నని అనుకుంటూ, "మచ్చ ఎట్లున్నది అన్నా, గోలీలు మింగుతున్నవా?" అని గట్టిగా అడిగాను. ఆయన సగం తాగిన గ్లాసు అక్కడే పెట్టి లేచాడు. హోటలాయన ఆ గ్లాసును కడగలేదు, తీసుకెళ్లి వెనక పారేశాడు. ఆ తర్వాత ఆ అన్న నన్ను చూస్తే గల్లీ మారేవాడు. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు, మంచి పని చేస్తున్నానని చాలా గర్వంగా ఉండేవాణ్ని.

సినిమా డబ్బా

ఆ రోజుల్లో మాకు ప్రచారానికి ఒక జీపు, ఒక సినిమా మిషను ఉండేవి. పొద్దు గూకాక బడి ముందర తెల్లబట్ట కట్టి జబ్బు గురించి పావుగంట సినిమా వేసేవాళ్లం. దానికి జనం రారు. జనం రావడానికి వెనక ఇంకో సినిమా ఉండాలి. మా దగ్గర ఉన్నది ఒకే ఒకటి. నలుపు తెలుపుది, విదేశాలది, రాక్షసుడి సినిమా. రేకు డబ్బా మీద తెల్లరంగుతో "భాగం 2" అని రాసి ఉండేది. భాగం ఒకటి మా ఆఫీసుకు ఎన్నడూ రాలేదు. ఎక్కడ పోయిందో, అసలు ఉందో లేదో ఎవరికీ తెలియదు.

కాబట్టి మా సినిమా ఎత్తుకోవడమే విచిత్రంగా ఉండేది. కూలిపోయిన సున్నపు బట్టీ ఒకటి కనపడుతుంది. ఇటుకలు కదులుతాయి. వాటి కింద నుంచి ఒక చెయ్యి లేస్తుంది, వేళ్లన్నీ లోపలికి వంగిపోయి ఉంటాయి. తర్వాత నిలువెత్తు మనిషి లేస్తాడు, ఒళ్లంతా సున్నం, సగం మొహం కాలిపోయి ఉంటుంది. ఊరు ఊరంతా కట్టెలు పట్టుకుని వెంటపడుతుంది. ఎందుకు పడుతుందో మొదటి భాగంలో ఉంటుంది. మాకు తెలియదు. అంతా ఇంగ్లీషు, దాంతో నేను సౌండు తగ్గించి మైకు పట్టుకుని తెలుగులో కథ చెప్పేవాణ్ని. "మొదలు ఏం జేసిండు సారూ?" అని ప్రతి ఊళ్లోనూ అడిగేవారు. నోటికొచ్చింది చెప్పేవాణ్ని. మహమ్మద్‌నగర్‌లో పసిపిల్లల్ని ఎత్తుకుపోయాడని చెప్పాను, ఇంకో ఊళ్లో ఊరి నీళ్లలో విషం కలిపాడన్నాను. జనం నమ్మేవారు. తరుముతున్నారంటే ఏదో చేసే ఉంటాడని వాళ్ల లెక్క.

ఆ సినిమాలో ఒక జాగా నాకు చాలా ఇష్టం. చేదబావి దగ్గర ఆడవాళ్లు నీళ్లకు నిలబడి ఉంటారు. ఈయన దాహంతో వస్తాడు. అందరూ కుండలు పడేసి ఉరుకుతారు. ఒకామె మాత్రం ఉరకదు. ఆమె బొక్కెన బావిలో ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది. కాసేపు ఆయన్ని చూస్తుంది. చూసి, తాడు కొస ఆయన చేతికిస్తుంది. ఆ వంకర చేతుల్తో ఆయన నీళ్లు చేదుతాడు. అంతే. ఎన్నిసార్లు వేసినా అక్కడ నేను కూడా తెర వైపే చూసేవాణ్ని. మైకులో మాత్రం, "చూడండి, ఇప్పుడు ఆమెను ఏం చేస్తాడో!" అని భయపెట్టేవాణ్ని. జనాన్ని కూర్చోబెట్టాలి కదా.

రాజవ్వ

ఎల్లారెడ్డి నుంచి కొంచెం లోపలికి ఉన్న ఒక ఊళ్లో రాజవ్వ ఉండేది. బీడీలు చేసే ఆమె. కార్ఖానా షెడ్డులో పదిహేను మంది ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని వరసగా కూర్చుంటే, అందరికంటే వేగంగా చెయ్యి ఆడేది రాజవ్వదేనని చెప్పేవారు. కుడిచేతి చిటికెన వేలు, దాని పక్క వేలు వంగడం మొదలుపెట్టాక అదే ఆడవాళ్లు ఆమెను షెడ్డులోంచి లేపి పంపేశారు. తమ్ముడు తన ఇంటి వెనక, బీడీలు చుట్టే తునికాకు మూటలు పెట్టే అర్రలో ఉండమన్నాడు. తమ్ముడు చెడ్డవాడు కాదు, భయస్తుడు.

నేను మందు మొదలుపెట్టేనాటికి కుడిచెయ్యి చేజారిపోయింది. వంగిన వేళ్లను గోలీలు తిన్నగా చెయ్యవు. కానీ ఎడమచేతి మోచేయి దగ్గర నరం వాచి ఉంది, చేతిలో సత్తువ తగ్గుతోంది. రెండేళ్లు విడవకుండా మందు మింగితే ఆ చెయ్యి మిగులుతుంది, మధ్యలో మానేస్తే అదీ పోతుంది. విషయం అంతే. ఆ మాట ఆమెకు చెప్పాను. "ఒక్క చెయ్యన్న ఉండనియ్యి సారూ, బువ్వ నేనే కలుపుకుంట" అంది. నెలనెలా గోలీల అట్ట అర్ర గోడ మీద పెట్టి, చేతులు నీళ్లలో నానబెట్టి నూనె రాసుకొమ్మని చెప్పి వచ్చేవాణ్ని. అయిదు నెలలు ఒక్క గోలీ తప్పలేదు.

నేను చేసిన తప్పు

ఆరో నెలలో ఆ ఊళ్లో సినిమా వేశాం. ఆ రోజు పొద్దున గోలీల అట్ట ఇవ్వడానికి పోయి రాజవ్వను నేనే బతిమాలాను. "సినిమాకు రా, వెనక నిలవడు, ఎవ్వలు జూడరు" అన్నాను. పాపం, కొత్త చీర కట్టుకుని, చెయ్యి కొంగులో దాచుకుని వచ్చింది. బడి అరుగు పక్కన నిలబడింది.

నేను మైకు పట్టుకున్నాను. ఇటుకలు కదిలాయి. నాకు అలవాటైన మాటలే నోట్లోంచి వచ్చాయి. "అదిగో, రాక్షసుడు వస్తున్నాడు! ఆ చెయ్యి చూడండి, ఆ చెయ్యి!" తెల్లబట్ట నిండా వంగిన వేళ్లు. ముందు వరసలోంచి ఎవరో అరిచారు: "అరె, రాజవ్వ చెయ్యి!" ఒక్కసారి నవ్వులు లేచాయి. పెద్దవాళ్లు కూడా నవ్వారు. నేను తిరిగి చూసేసరికి అరుగు పక్కన ఎవరూ లేరు.

మిషను ఆపలేదు నేను. ఆపాలని తోచలేదు కూడా. సినిమా అయ్యేదాకా మైకులో మాట్లాడుతూనే ఉన్నాను. ఉద్యోగంలో నన్ను నేను క్షమించుకోలేని గంట ఏదంటే అది.

గోడ

మరుసటి నెల వెళ్తే, నేను సినిమా రోజు పొద్దున పెట్టిన అట్ట గోడ మీద పెట్టినచోటే ఉంది. దుమ్ము పట్టింది. ఒక్క గోలీ కూడా తీయలేదు.

"గోలీలు ఎందుకు మింగలే రాజవ్వా?"

లోపల్నుంచే జవాబిచ్చింది. "రాచ్చసులకు గోలీలెందుకు సారూ?"

"ఎవలో పోరగాల్లు అన్నరు. గా మాట పట్టుకుంటవా?"

"పోరగాల్లు తర్వాత అన్నరు. మొదలు మైకుల నువ్వన్నవు. చెయ్యి సూడుండ్రి అన్నవు. వాల్లు సూసిన్రు."

నేనేదో చెప్పబోయాను. జబ్బు గురించి, మందు గురించి. ఎడమచేతి మాట ఎత్తాను. ఆమె బయటికి వచ్చి గుమ్మంలో నిలబడింది. కోపంగా లేదు, అలసిపోయి ఉంది.

"ముడితె అంటుకోదు, అంటుకోదు అని ఊరంత తిరుక్కుంట జెప్తవు. నా గోలీలు మటుకు గోడ మీద పెడ్తవు. నేను ఎన్నడన్న ఏమన్న అన్ననా సారూ?"

నిజమే. మా ఆఫీసులో అందరం అట్లాగే చేసేవాళ్లం. అరుగు మీదో, గోడ మీదో, కిటికీలోనో పెట్టి "తీస్కో" అనేవాళ్లం. ఎవరూ నేర్పలేదు, ఎవరూ మానుకోమనలేదు. దూదితో మచ్చలు తాకి పరీక్ష చేసేవాణ్ని, నరాలు పట్టి చూసేవాణ్ని, అది డ్యూటీ. డ్యూటీ అయిపోయాక మాత్రం నా చెయ్యి నాకు తెలియకుండానే వెనక్కి పోయేది. ఆ సంగతి నాకు తెలియలేదు, ఆమెకు మొదటి నెల నుంచీ తెలుసు.

సిగ్గుతో చచ్చిపోయాను. సంచిలోంచి కొత్త అట్ట తీసి, రెండడుగులు ముందుకు వేసి ఆమె కుడి అరచేతిలో పెట్టాను, ఆ వంగిన వేళ్ల మధ్యే. ఈసారి చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆమె అట్టను చూడలేదు, నా చేతిని చూసింది. చూసి, "ఆఖరుకు గాయిన ఏమైండు?" అని అడిగింది.

"ఎవరు?"

"గా బట్టీల కెల్లి లేసినాయిన. నేను ఒచ్చేసిన గద. సంపిన్రా?"

"చంపలే. నువ్వు గోలీలు మింగు, నెల రోజులల్ల మిషను తెచ్చి చూపిస్త."

"మింగుత గనీ, మైకు తేకు" అంది.

జబ్బార్ సారు

మా సూపర్‌వైజర్ జబ్బార్ సారుకు కోపం ముక్కు మీదే ఉండేది. ఒకసారి సినిమా వేసిన ఊరికి మళ్లీ మిషను ఇవ్వడం ఆయన రూలులో లేదు. "ఏందయ్యా, ఊరికి రెండు షోలా? జీపు నీ మామ ఇచ్చిండా?" అని కసిరాడు. ఏదో సాకు చెప్పొచ్చు. ఎందుకో ఆ రోజు ఉన్నదున్నట్టు చెప్పేశాను, మైకు సంగతి, గోడ సంగతి. ఆయన నోట్లోని పాన్ నమలడం ఆపాడు. "నేను గూడ గట్లనే పెడ్త భై," అన్నాడు నెమ్మదిగా. "ఇరవై ఏండ్ల సంది."

మంచి బాసు అంటే తప్పు చెయ్యనివాడు కాదని ఆ రోజు తెలిసింది. అనుకున్న రోజున జీపులో మిషనుతో పాటు ఆయనా వచ్చి కూర్చున్నాడు.

సాయిలు

రెండోసారి బడి ముందర వెయ్యలేదు. మధ్యాహ్నం బీడీ కార్ఖానా షెడ్డులోనే వేశాం. కిటికీలకు గోనె సంచులు కట్టాం, ఒక కిటికీకి సంచి చాలక జబ్బార్ సారే వీపు ఆనించి నిలబడ్డాడు. షెడ్డులో పెద్దదిక్కు లచ్చవ్వ. రాజవ్వను లేపేసిన వాళ్లలో మొదటి గొంతు ఆమెదే. "పని పాడైతది సారూ" అని గునిసింది, చాట మాత్రం పక్కన పెట్టింది.

రాజవ్వ వచ్చింది. ఎక్కడ కూర్చోవాలో తెలియక గుమ్మంలో నిలబడింది. నేను నా పక్కన పీట వేసి, ఖాళీ సినిమా డబ్బా ఆమె ఒళ్లో పెట్టి, "రీలు అయినంక అందియ్యి" అన్నాను. చేతికి పని ఉంటే మనిషి కూర్చోగలుగుతుంది.

ఇటుకలు కదిలాయి, చెయ్యి లేచింది. నేను ఏమీ మాట్లాడలేదు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ భయపడలేదు కూడా. ఒకసారి చూసిన చెయ్యే కదా.

"ఈయిన పేరేంది సారూ?" అని ఎవరో అడిగారు.

"తెల్వదు. సినిమాల ఎవ్వలు పిలువరు."

"పేరు లేకుంట ఎట్లుంటరు?" అంది లచ్చవ్వ విసుగ్గా. "సాయిలు అనుకుందాం తియ్యి. మా పెద్దబాపు పేరు గదే, గింతే ఎత్తుండె."

అంతే, ఆయన సాయిలు అయిపోయాడు. ఊరు కట్టెలు పట్టుకుని వెంటపడితే, "ఉరుకు సాయిలూ, ఉరుకు! గా సందుల దూరు!" అని షెడ్డంతా అరిచింది. నేను ఎన్ని ఊళ్లలో వేశానో, జనం ఎప్పుడూ కట్టెల వైపే ఉండేవారు. మొదటిసారి సాయిలు వైపు చేరారు. "మొదలు ఏం జేసిండు?" అని ఎవరూ అడగలేదు. బావి దగ్గర ఆమె తాడు చేతికిచ్చినప్పుడు షెడ్డులో మిషను చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. చీకట్లో రాజవ్వ ఏడవలేదు, డబ్బాను గట్టిగా పట్టుకుంది.

ఆఖరున ఊళ్లో పిండిమిల్లు అంటుకుంటుంది. సాయిలు పారిపోవడం మాని బావికి వచ్చి, బొక్కెన మీద బొక్కెన చేది మంట ఆర్పుతాడు. ఆరాక జనమంతా కట్టెలు దించి నిలబడి చూస్తారు. ఆయన తాడు గిలక మీద జాగ్రత్తగా వేసి, పొగమంచులో కొండల వైపు నడిచిపోతాడు.

గోనె సంచులు తీశాం. వెలుతురుకు అందరూ కళ్లు చికిలించారు. లచ్చవ్వ కొంగుతో మొహం తుడుచుకుని, తెల్లబట్ట వైపే చూస్తూ, "ఒక్కలన్న ఉండుమనలే గదనే," అంది.

ఆ రోజు ఇంకేమీ జరగలేదు. రాజవ్వ డబ్బా నాకిచ్చి అర్రకు వెళ్లిపోయింది. సినిమా చూసి ఊళ్లు మారిపోతాయని అనుకునేవాళ్లుంటారు. అంత తేలికైతే మా ఉద్యోగాలు ఎందుకు? కానీ మూడు వారాలకు గోలీలతో వెళ్తే అర్ర ఖాళీగా ఉంది. షెడ్డు దగ్గరికి పోయి చూస్తే, వరస చివర రాజవ్వ కూర్చుని ఎడమచేత్తో తడి ఆకు ఏరి పేరుస్తోంది.

లచ్చవ్వ నన్ను చూసి ముందే అందుకుంది. "ఆకు ఏరెటోల్లు దొర్కుతలేరు సారూ, అందుకే పిల్సిన" అంది. అది అబద్ధం. పిలిచినందుకు సిగ్గుపడి చెప్పిన అబద్ధం. అంత ముద్దొచ్చే అబద్ధం నేను మళ్లీ వినలేదు.

ఆ సినిమా ఎందుకు నచ్చేది

సౌజన్య నన్ను ఇదే అడిగింది. పాత సినిమా, అరిగిన రీలు, అందులో రెండో భాగం, ఏముంది సార్ అని. నాకు తోచింది చెబుతాను. మొదటి భాగంలో రాక్షసుడు కొత్తవాడు. కొత్తవాడు కాబట్టి కెవ్వుమంటాం. రెండో భాగానికి ఆ మొహం మనకు అలవాటై ఉంటుంది, ఇక భయం పోయి, ఆయనకు ఆకలేస్తోందా, దాహమేస్తోందా అని చూస్తాం. మా పేషెంట్ల ఇళ్లకు మొదటిసారి వెళ్లొచ్చి ఏదో చేశామనుకోకండి. రెండోసారి వెళ్లండి, పదోసారి వెళ్లండి. మన పని అంతా రెండో భాగంలోనే ఉంది.

ఇంకొక మాట. గోలీలు చేతిలో పెట్టండి. ఇంతకంటే పెద్ద సలహా నా దగ్గర లేదు.

మొన్నటి ముచ్చట

జబ్బార్ సారు పోయి చాలాకాలమైంది. లచ్చవ్వ లేదు, షెడ్డూ లేదు. రాజవ్వ ఉంది. తమ్ముడు ముందరి గది ఆమెకే ఇచ్చాడు. రెండేళ్లు మందు మింగింది. ఎడమచెయ్యి ఇప్పటికీ సాపుగా ఉంది, బువ్వ కలుపుకుంటుంది.

కామారెడ్డి మీటింగు అయ్యాక నాలుగు రోజులకు సౌజన్య ఫోన్ చేసింది. "సార్, మీరు జెప్పిన బట్టీ, బావి ముచ్చట రాసి ఎతికితే మీ సినిమా మొదటి భాగం ఫోన్‌ల దొరికింది!" అని లింకు పంపింది. ఇన్నేళ్లుగా నోటికొచ్చింది కల్పించి చెప్పినవాణ్ని, అసలేం జరిగిందో చూడబోతున్నాను. వేలు పెట్టి నొక్కబోయి ఆగాను. రాజవ్వతో కలిసి చూడాలనిపించింది. మరుసటి రోజే ఎల్లారెడ్డి బస్సెక్కాను.

నన్ను చూసి ఆమె మొహం విప్పారింది. "బాగ చిక్కినవు సారూ," అంది. ఫోన్ తీసి సంగతి చెప్పాను. "సాయిలు మొదలు ఏం జేసిండో ఇండ్ల ఉన్నదట. చూద్దామా?"

ఆమె ఫోన్ వైపు చూసింది, నా వైపు చూసింది. "ఏం జేసిండో ఇప్పుడు తెలుసుకోని ఏం జేద్దాం సారూ? బాయి కాడ గామె అడగకుంటనే తాడు ఇచ్చింది గద," అంది.

ఫోన్ జేబులో పెట్టేశాను. నేను ఇప్పటికీ అది చూడలేదు.

అంతలో అదే ఫోన్ జేబులోంచి మోగింది. నా బీపీ గోలీ వేళ. సంచిలోంచి అట్ట తీశాను. ఈ మధ్య నా చేతులు వణుకుతున్నాయి, గోలీ అట్టలోంచి ఊడిరాలేదు. రెండుసార్లు ప్రయత్నించాను. రాజవ్వ చూస్తూ చూస్తూ, "ఇటు తే" అని అట్ట లాక్కుంది. ఎడమచేత్తో పట్టుకుని బొటనవేలితో నొక్కింది. గోలీ ఊడి ఆమె కుడి అరచేతిలో, వంగిన వేళ్ల మధ్య పడింది.

నేను చెయ్యి చాపాను. ఆమె ఇవ్వలేదు. గోలీని పట్టుకుని, గది గోడ వైపు ఒకసారి, నా మొహం వైపు ఒకసారి చూసింది. కళ్లలో నవ్వు.

"గోడ మీద పెట్టాల్నా సారూ?" అంది.